ఆత్మీయుల మరణం: సెలవుకు చట్టబద్ధమైన హక్కు ఉందా?

ఇంట్లో మరణం సంభవిస్తే అంత్యక్రియలు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ముగుస్తాయి. కర్మకాండలు మాత్రం అనేక హిందూ కుటుంబాల్లో పది నుంచి పదమూడు రోజులు సాగుతాయి. ఆ రోజులకు ఉద్యోగికి సెలవు ఇవ్వాల్సిన బాధ్యత యజమానిపై ఉందా?

దేశంలోని కేంద్ర కార్మిక చట్టాల్లో కుటుంబ సభ్యుల మరణానికి ప్రత్యేక సెలవును తప్పనిసరి చేసే సాధారణ నిబంధన లేదు. కొన్ని పెద్ద సంస్థలు సొంత విధానాల ప్రకారం కొద్ది రోజులు మంజూరు చేస్తున్నాయి. మిగతాచోట్ల ఆర్జిత సెలవులే ఆధారం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం, ఏడాదిలో 180 రోజులు పనిచేసిన కార్మికుడికి ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున వేతనంతో కూడిన సెలవు లభిస్తుంది. కొద్ది నెలల కిందటే పనిలో చేరిన వ్యక్తికి తగినన్ని సెలవులు ఉండకపోవచ్చు. తండ్రి మరణిస్తే సెలవులు చాలని రోజులకు అతడు వేతనం వదులుకోవాలి, లేదా యజమాని దయపై ఆధారపడాలి.

దుఃఖాన్ని ప్రభుత్వం గుర్తించిన సందర్భం లేకపోలేదు. ప్రసవ సమయంలో గానీ, పుట్టిన కొద్ది రోజులకే గానీ బిడ్డ మరణిస్తే, తల్లికి కలిగే మానసిక ఆఘాతాన్ని దృష్టిలో ఉంచుకుని కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవు ఇస్తూ 2022 సెప్టెంబరులో ఉత్తర్వులు వెలువడ్డాయి. ప్రైవేటు రంగానికి అవి వర్తించవు.

బ్రిటన్‌లో 18 ఏళ్లలోపు బిడ్డను కోల్పోయిన ఉద్యోగులకు 2020 ఏప్రిల్ నుంచి రెండు వారాల సెలవు హక్కుగా లభిస్తోంది. ఉద్యోగంలో చేరిన తొలి రోజు నుంచే ఇది వర్తిస్తుంది; వేతనానికి మాత్రం 26 వారాల సర్వీసు ఉండాలి. కెనడాలో కేంద్ర కార్మిక చట్టం పరిధిలోని ఉద్యోగులు పది రోజుల వరకు సెలవు పొందవచ్చు. మూడు నెలల సర్వీసు పూర్తయితే అందులో మూడు రోజులకు వేతనం ఉంటుంది.

ఇలాంటి చట్టంపై అభ్యంతరాలూ ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు పనివారితో నడిచే దుకాణానికి ఈ భారం ఎక్కువ. కుటుంబం అంటే ఎవరెవరన్నదీ చిక్కే: పెంచిన అమ్మమ్మ, అత్తమామలు ఆ పరిధిలోకి వస్తారా? దుర్వినియోగం భయానికి మాత్రం పరిష్కారం ఉంది. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలని చట్టమే చెబుతోంది కనుక, ధ్రువపత్రాన్ని తర్వాత సమర్పించే వెసులుబాటు ఇవ్వవచ్చు.

సెలవు హక్కునూ వేతన హక్కునూ వేరు చేసిన బ్రిటన్ పద్ధతి చిన్న యజమానులకు ఒక మధ్యేమార్గం కాగలదు. కనీసం ఉద్యోగం పోతుందన్న భయం లేకుండా చితి దగ్గర నిలబడే అవకాశం కొత్తగా చేరినవారికీ దక్కుతుంది. స్థిరమైన యజమాని లేని దినసరి కూలీలకు మాత్రం ఆ హక్కు కూడా చేరదు. వారికి సామాజిక భద్రత పథకాల ద్వారానే ఊరట కల్పించాల్సి ఉంటుంది.