నల్ల అడవి నీళ్లు... నల్లమల నీళ్లు

నేలలోంచి ఉబికిన నీళ్లు ఓ ఊరికి ఆరున్నర శతాబ్దాలుగా అన్నం పెడుతున్నాయి. నేలలోంచి తోడుకున్న నీళ్లే ఇంకోచోట పళ్లకు గార పట్టించాయి, నడుములు వంచాయి. మొదటిది జర్మనీలోని బాడ్ విల్డ్‌బాడ్. రెండోది మన దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట. అక్కడా అడుగున రాయే, ఇక్కడా రాయే. మరి తేడా ఎక్కడొచ్చింది?

మనకు నల్లమల ఉన్నట్టే జర్మన్లకు నల్ల అడవి ఉంది. దేవదారు జాతి చెట్లు దట్టంగా పెరిగి, కొండలు దూరానికి నల్లగా కనిపిస్తాయి. ఆ కొండల నడుమ ఎన్‌జ్ అనే చిన్న నది పారే లోయలో ఉంటుంది బాడ్ విల్డ్‌బాడ్. జనాభా పదివేల పైచిలుకు. మన లెక్కలో ఓ మండల కేంద్రమంత. కొండల్లో ఇంకిన వాన నీరు లోపలి గ్రానైటు దాకా దిగి, వేడెక్కి, ఊరి కింద పైకి ఉబుకుతుంది. వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది. అంటే పొయ్యి వెలిగించకుండానే స్నానానికి సరిపడా!

ఈ స్నానాల కోసమే 1367లో వుర్టెంబర్గ్ ప్రభువు ఎబర్‌హార్డ్ ఇక్కడికి వచ్చాడు. అదను చూసి శత్రువులు మీద పడితే తృటిలో తప్పించుకున్నాడు. ఒంట్లో బాగాలేక 1856లో ఇటలీ సంగీతకర్త రొస్సీనీ వచ్చాడు. ఆయన పేరిట ఈ ఊళ్లో ఏటా సంగీతోత్సవం జరుగుతుంది.

పేరుకూ పరీక్షే!

జర్మన్ భాషలో ‘బాడ్’ అంటే స్నానం. వైద్యానికి పనికొచ్చే ఊరుగా ఆ మాటను పేరు ముందు తగిలించుకోవాలంటే రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. అందుకు నీటినీ గాలినీ పరీక్షిస్తారు. ఊటల చుట్టూ రక్షిత ప్రాంతం గీస్తారు. అందులో ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు తవ్వడానికి వీల్లేదు. ఊళ్లో బస చేసే అతిథి కూడా రోజుకింతని పన్ను కట్టాలి.

అలాగని వాళ్లకు కష్టాలు రాలేదని కాదు. ఒకప్పుడు ఆరోగ్య బీమా డబ్బుతో వారాల తరబడి స్నాన చికిత్స చేయించుకునేవారు. 1997 ప్రాంతంలో బీమా నిబంధనలు బిగించడంతో జర్మనీలోని స్నానాల ఊళ్లన్నీ విలవిల్లాడాయి. విల్డ్‌బాడ్ తన అడవిని కూడా నమ్ముకుంది. 1908 నుంచి ఉన్న కొండ రైలెక్కి పైకి వెళితే, 2014లో చెట్ల కొనల ఎత్తున కట్టిన కిలోమీటరు పైచిలుకు నడకదారి కనిపిస్తుంది.

వైద్యం వచ్చింది కానీ...

జర్మన్ల నీటి వైద్యం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. లైప్‌జిగ్ నగరంలో తొట్టి స్నానాలతో రోగాలు నయం చేస్తానన్న లూయీ కూనే పుస్తకాన్ని 1894లోనే డి.వెంకటాచలపతి శర్మ తెలుగు చేశారు. హిందీ, ఉర్దూ అనువాదాలు ఆ తర్వాత పదేళ్లకు గానీ రాలేదు. గాంధీజీ కూడా కూనే పద్ధతిలో తొట్టి స్నానాలు చేసినవారే.

అలా వైద్యాన్ని తెచ్చుకున్నాం. నీటిని కాపాడుకునే పద్ధతి మాత్రం వెంట తెచ్చుకోలేదు. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఓ వింత జబ్బు గురించి రాశారు. పళ్ల మీద గోధుమరంగు చారలు, బిగుసుకుపోయిన వెన్నెముకలు... కారణం తాగే నీటిలోని ఫ్లోరైడ్. దేశంలో ఈ జబ్బును మొట్టమొదట నమోదు చేసింది ఇక్కడే.

ఉదయగిరి, దుత్తలూరు, వింజమూరు మీదుగా సాగే రాతిపొరల్లో అభ్రకంలాంటి ఖనిజాలున్నాయి. వాటిలోని ఫ్లోరైడ్ నెమ్మదిగా నీటిలో కరుగుతుంది. నీరు రాతిలో ఎంతకాలం నిలిస్తే అంత ఎక్కువగా చేరుతుంది. వానలు తగ్గి, బోర్లు లోతుకు దిగేకొద్దీ అలా నిలిచిపోయిన పాత నీరే పైకొస్తుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిదనీ, గత్యంతరం లేకపోతే ఒకటిన్నర దాకా ఫరవాలేదనీ మన దేశ ప్రమాణం. కాచి చల్లార్చితే సరిపోతుందనుకోవడం పొరపాటు. కాగినకొద్దీ నీళ్లు తగ్గుతాయి, ఫ్లోరైడ్ మాత్రం అలాగే ఉంటుంది! వంగిన ఎముకను మళ్లీ నిలబెట్టే మందు లేదు. కాబట్టి బోరు నీటిని పరీక్ష చేయించడం, పిల్లలకు మంచి నీరు పట్టడమే దారి.

కొండ చెప్పే పాఠం

మంచి నీరు ఈ సీమకు దూరంగా ఏమీ లేదు. వాన నీటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. వానాకాలంలో భైరవకోనలో శివుడి గుహాలయాల పక్కనే జలపాతం దూకుతుంది. ఘటిక సిద్ధేశ్వరం కోనకు భక్తులు వెళ్లేదీ అడవి దారినే. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గెలిచేదాకా ఉదయగిరి కోట సుమారు ఏడాదిన్నర ముట్టడిని తట్టుకుంది. కొండ మీద కోనేళ్లలో వాన నీరు పట్టి ఉంచకపోతే అన్నాళ్లు నిలవడం సాధ్యమా?

ఆ తెలివి కొండ దిగి ఊళ్లోకి రావాలి. కోనల్లో అడవి మిగలాలి. వాగులకు అడ్డుకట్టలు పడాలి. చెరువుల్లో పూడిక తీయాలి. ఇక్కడివాళ్లు సోమశిల హైలెవల్ కాలువ మీద ఆశ పెట్టుకున్నదీ బోరు కన్నా పారే నీరు మేలనే.

విల్డ్‌బాడ్‌లో ఊట చుట్టూ గీత గీసి కాపలా కాస్తారు. మన మెట్టలో ఇంటింటా డబ్బా నీళ్లు కొనుక్కుంటున్నాం. ఆ డబ్బులో కొంతైనా ఊరి చెరువుకు పెడితే, పిల్లల పళ్లు తెల్లగా మెరుస్తాయి.