బండి జబ్బు ఫోన్ చెప్పింది!

మాది ఎలమంచిలి. ఉద్యోగానికి రోజూ విశాఖకి కారు నేనే నడుపుకుంటూ వెళ్తాను. ఓ రోజు అనకాపల్లి దాటాక ఇంజిన్ లైటు వెలిగింది, కారు కుదుపులు మొదలెట్టింది. మెకానిక్ చూసి "ఇంజిన్ విప్పాలమ్మా, చాలా అవుద్ది" అన్నాడు. గుండె గుభేలుమంది.

మా తమ్ముడు చిన్న అడాప్టర్ తెచ్చి స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్లో పెట్టాడు. బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపితే 'పి0301' అని కోడ్ వచ్చింది. అంటే మొదటి సిలిండర్లో ఇంధనం సరిగా మండటం లేదట! ప్లగ్గు మార్పిస్తే కుదుపు పోయింది.

అయితే కోడ్ జబ్బున్న చోటే చూపిస్తుంది. కారణం ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్... ఏదైనా కావచ్చు. కోడ్ చెరిపేసినంత మాత్రాన జబ్బు పోదు. నడుపుతూ ఫోన్ చూడకండి. బండి ఆపాక అడాప్టర్ తీసెయ్యండి, లేకపోతే బ్యాటరీ దిగిపోవచ్చు.

ఇప్పుడు మెకానిక్ ఏమన్నా, "ఏ సిలిండరు బాబూ?" అని అడుగుతున్నాను!