మీకు తెలుసా? కావలి చుట్టూ బయాలజీ ల్యాబే!

జీవపరిణామం, ఆవరణ శాస్త్రం, గణాంకాలు... బయాలజీ రికార్డు పుస్తకంలో ఇవి మూడు వేర్వేరు పాఠాలు. కానీ కావలి బస్టాండులో బయల్దేరి తుమ్మలపెంట సముద్రం దాకా వెళ్తే ఈ మూడూ దారి పొడవునా ఎదురొస్తాయని మీకు తెలుసా? అక్కడి నుంచి కాస్త పక్కకు తిరిగితే బ్రెజిల్ దాకా వెళ్తాయి! నోరెళ్ళబెట్టకుండా చివరిదాకా చదవగలరేమో చూద్దాం.

ఇసుకా... ఉప్పునీళ్ళూ

మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలుకు పుట్టేది ఆడో మగో ఎవరు తేలుస్తారో మీకు తెలుసా? అమ్మా కాదు, నాన్నా కాదు. ఇసుక! గూడు వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు. రెండు మూడు డిగ్రీల తేడాతో గూడు గూడంతా మారిపోతుంది. ఎండాకాలం ముదిరితే పెళ్ళికొడుకులకు కరువే!

ఒక తాబేలు ఒక్కసారికి సుమారు వంద గుడ్లు పెడుతుంది. వెయ్యి పిల్లలు కడలిలోకి పరిగెత్తితే పెద్దదై బతికి బట్టకట్టేది దాదాపు ఒక్కటే. ఆ ఒక్కటీ ఆడదైతే ఏళ్ళ తర్వాత తాను పుట్టిన తీరానికే గుడ్లు పెట్టడానికి వస్తుంది. దారి చూపేది భూమి అయస్కాంత క్షేత్రం. రీఛార్జి అక్కర్లేని జీపీఎస్!

ఎండ్రకాయకు పళ్ళెక్కడుంటాయో మీకు తెలుసా? పొట్టలో! నోటి దగ్గర ముక్కలు చేసుకుని మింగేస్తుంది, అసలు నమలడం లోపల జరుగుతుంది. దానికి పన్ను నొప్పి వస్తే డాక్టరు పొట్ట కోయాల్సిందే!

మన చెరువుల్లో పెరిగే వనామి రొయ్య అసలు ఊరు ఏదో మీకు తెలుసా? అమెరికా ఖండాల పసిఫిక్ తీరం. 2009లో మన దేశంలో సాగుకు అనుమతి దొరికింది, ఇంకేముంది, నెల్లూరు జిల్లాకు అల్లుడైపోయింది. ఇంకో వింత: దాని గుండె ఉండేది తలభాగంలో, రక్తం రంగు నీలం. ఇనుముకు బదులు రాగితో ఆక్సిజన్ మోస్తుంది మరి. తలలోనే గుండె ఉంటే బుద్ధీ మనసూ గొడవపడవేమో!

పండుగప్ప పులుసు తింటున్నారా? ఆ చేప పుట్టుక చరిత్ర తెలుసా? మగగా ఎదుగుతుంది, కొన్నేళ్ళకు ఆడగా మారిపోతుంది! పెద్ద సైజు పండుగప్పల్లో ఆడవే ఎక్కువ. పెద్ద ఒంటిలో ఎక్కువ గుడ్లు పడతాయి కాబట్టి పరిణామం వేసిన లెక్క ఇది. నాన్నే తర్వాత అమ్మ అవుతాడన్నమాట!

చేప నీళ్ళలో మునిగి చస్తుందంటే నమ్ముతారా? కొరమీను చస్తుంది. మొప్పలొక్కటే దానికి చాలవు, పైకొచ్చి గాలి మింగాలి. పైకి రానివ్వకపోతే అంతే సంగతులు. తెలంగాణ రాష్ట్ర చేపకు ఈత వచ్చినా చాలదు, ఊపిరి కూడా పీల్చాలి!

జువ్వలదిన్నె రేవులో కిలో వంజరం కొన్నారు. దాని వెనక ఎంత బరువుందో మీకు తెలుసా? ఆహార గొలుసులో ఒక మెట్టు నుంచి పై మెట్టుకు చేరే శక్తి సుమారు పదో వంతే. కిలో వంజరానికి పది కిలోల చిన్న చేపలు, వాటికి వంద కిలోల సూక్ష్మజీవాలు, వాటికి వెయ్యి కిలోల నాచు! ఈ శక్తి లెక్కకు పునాది వేసిన రేమండ్ లిండెమన్ వ్యాసం 1942లో అచ్చయింది. అప్పటికే ఆయన 27 ఏళ్ళు నిండకుండానే కన్నుమూశాడు.

పడవల అడుగున గట్టి పెంకులతో అంటుకుపోయే బార్నకిల్స్‌ను మనవాళ్ళు విసుక్కుంటూ గీకేస్తారు. వాటి వెనకే పడి ఎనిమిదేళ్ళు గడిపిన పెద్దమనిషి ఎవరో మీకు తెలుసా? చార్లెస్ డార్విన్! 1846 నుంచి 1854 దాకా అదే పని. ఆ తర్వాత 1859లో జాతుల పుట్టుక మీద పుస్తకం వేస్తే, మొదటి ముద్రణ 1,250 కాపీలకూ పుస్తకాల షాపులవాళ్ళు మొదటిరోజే ఎగబడ్డారు. ఓపికకు దక్కిన బోణీ!

చెట్టూ... పిట్టా... పశువూ

తీరం వెంట కనిపించే సర్వి చెట్టుకు సన్నటి పొడుగాటి ఆకులుంటాయి కదా? అవి ఆకులు కావు, కొమ్మలు! ఒకటి తెంపి చూడండి. వేలెడు పుల్లకు బోలెడు కీళ్ళు. ఒక కీలు దగ్గర మెల్లగా లాగితే టక్కున ఊడుతుంది. అంచున ఆరు నుంచి ఎనిమిది దాకా చిట్టిచిట్టి పళ్ళు కనిపిస్తాయి. అసలు ఆకులు అవే! మళ్ళీ అతికించి "ఎక్కడ తెంపానో చెప్పుకో" అని పిల్లలు ఆడే ఆట మహా గొప్ప బాటనీ ప్రాక్టికల్.

అచ్చం దేవదారులా గాలికి ఊగే ఈ సర్వికీ, దేవదారుకూ చుట్టరికం దాదాపు సున్నా! దేవదారుకు పువ్వులే పుట్టవు, సర్వి మాత్రం పూలు పూసే చెట్టు. ఇద్దరూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే వేషం కట్టారు. దీన్నే అభిసారి పరిణామం అంటారు. సినిమాలో డబుల్ యాక్షన్ అనుకుంటే, ఇక్కడ నిజంగానే ఇద్దరు నటులు!

సర్కారు తుమ్మ మన చెట్టు అనుకుంటున్నారా? కాదు, అమెరికా ఖండాల నుంచి దిగింది. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఈ జాతి చెట్టు వేరు ఒకటి అమెరికాలో 53 మీటర్ల లోతున గనిలో దొరికింది. పదిహేను అంతస్తుల భవనమంత లోతు! పీకేద్దామని గునపం పట్టుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి.

నెల్లూరు మొలగొలుకుల అన్నం కలుపుతున్నారా? ఆగండి! వరి మొక్కలో జన్యువులు సుమారు 37 వేలు, మనిషిలో సుమారు 20 వేలు. మనకంటే కంచంలోదే బరువైన గ్రంథం!

పులికాట్ సరస్సుకొచ్చే ఫ్లెమింగో గులాబీ రంగులో ఎందుకుంటుందో మీకు తెలుసా? తిండి వల్ల! నాచులోనూ చిట్టి రొయ్యల్లోనూ ఉండే రంగు ఈకలకెక్కుతుంది. పిల్లలు పుట్టినప్పుడు బూడిద రంగే. పైగా తల తలకిందులుగా పెట్టి భోంచేస్తుంది. మేకప్ ఖర్చు లేదు, మెనూ మారిస్తే చాలు!

నేలపట్టు చెరువులో కడప చెట్లు నెలల తరబడి నీళ్ళలోనే నిలబడతాయి, గూడబాతులు వాటి మీదే గూళ్ళు కడతాయి. రెట్టలు నీళ్ళలో పడతాయి, ఆ నీళ్ళు పొలాలకు పారతాయి. యూరియా బస్తా రెక్కలు కట్టుకుని వచ్చినట్టే!

నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన డాక్టరు ఒక పక్షికి పేరయ్యాడని మీకు తెలుసా? ఆయన థామస్ జెర్డన్. యానాదుల దగ్గర అడవి విద్య నేర్చుకున్నాడు. 1848లో ఆయన ద్వారా లోకానికి తెలిసిన పక్షే కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల అడవిలో మళ్ళీ ప్రత్యక్షం! 86 ఏళ్ళు దాగుడుమూతలు ఆడిన ఘనత దానిదే.

అదే జెర్డన్ 1851లో శాస్త్రానికి పరిచయం చేసిన గెంతే చీమ సంగతి మరీ వింత. రాణి చస్తే కూలి చీమలు మీసాలతో కొట్లాడుకుంటాయి. గెలిచిన చీమ గుడ్లు పెట్టే పదవిలోకి వస్తుంది, దాని మెదడు సుమారు ఐదో వంతు కుదించుకుపోతుంది! ఏడు నెలల ఆయుష్షు మాత్రం నాలుగేళ్ళకు పెరుగుతుంది. పదవి పోతే మెదడు మళ్ళీ పెరుగుతుంది. కామెంట్ అక్కర్లేదు కదా!

బ్రెజిల్‌లో మనుషుల కంటే పశువులు ఎక్కువ. వాటిలో రాజ్యమేలేది 'నెలోర్' జాతి. పేరు ఎక్కడో విన్నట్టుందా? మన నెల్లూరే! అవి ఒంగోలు పశువుల సంతానం. 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. తరతరాలుగా మంచి కోడెనూ మంచి ఆవునూ ఏరి జతకట్టడమే కృత్రిమ వరణం. డార్విన్ కంటే ముందే మన రైతులు చేసిన ప్రాక్టికల్ ఇది!

ఆ జాతి ఆవు ఒకటి గిన్నిస్ రికార్డుకెక్కిందని మీకు తెలుసా? పేరు వియాటినా-19, బరువు 1,101 కిలోలు. 2023లో దాని మూడో వంతు వాటా అమ్మితే, ఆ లెక్కన మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఏ మూడో వంతు కొన్నారని మాత్రం అడక్కండి!

శ్రీహరికోట నుంచి అలసందలు కూడా అంతరిక్షానికి వెళ్ళాయి, తెలుసా? 2024 డిసెంబర్ 30న పీఎస్ఎల్‌వీ-సి60తో ఎనిమిది గింజలు పంపితే నాలుగు రోజుల్లో మొలకెత్తాయి. అంతకుముందు, 1947లో, అంతరిక్షపు అంచుకు ఎగిరిన మొదటి జంతువులు ల్యాబుల్లో పెంచే పండు ఈగలు. వడలకు పిండి సిద్ధం, ఈగలు మాత్రం ముందే చేరాయి!

లెక్కల గారడీ

గూడూరు బడిలోనూ చదువుకున్న ఒక తెలుగు కుర్రాడి పేరు ప్రపంచమంతటా గణాంకాల పుస్తకాల్లో ఉంది. ఎవరో మీకు తెలుసా? కల్యంపూడి రాధాకృష్ణారావు, మన సి.ఆర్.రావు! ఆయన పాఠం చెప్పే క్లాసులో దండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న వేస్తే, ఇంటికెళ్ళి ఆలోచించి మర్నాటికల్లా జవాబు తెచ్చారు. అదే 1945లో అచ్చయిన క్రామర్-రావు సూత్రం. విద్యార్థులారా, ప్రశ్నలడగండి!

ఆయనకు గణాంక శాస్త్రపు అంతర్జాతీయ బహుమతి ఏ వయసులో వచ్చిందో ఊహించండి. 60? 80? కాదు, 102! 2023లో. అవుటవకుండా సెంచరీ దాటి బహుమతి అందుకున్న బ్యాట్స్‌మన్ ఆయనొక్కరే!

టీలో పాలు ముందు పోశారా, డికాక్షన్ ముందు పోశారా? రుచి చూసి చెప్పేస్తానంది ఇంగ్లండులో ఒకావిడ. రావుగారి గురువు ఫిషర్ ఎనిమిది కప్పులు పెట్టాడు, నాలుగు అలా, నాలుగు ఇలా. గుడ్డిగా చెబితే అన్నీ సరిపోయే అవకాశం 70లో ఒక్కటి. ప్రయోగాల రూపకల్పనకు ఆ టీ కథ పాఠమైపోయింది. కావలి బస్టాండులో నేడే ప్రయత్నించండి, బిల్లు మాత్రం మీదే!

ల్యాబులో కొద్ది నమూనాలకు వాడే టి-టెస్ట్ ఎక్కడ పుట్టిందో మీకు తెలుసా? బీరు కంపెనీలో! గిన్నిస్ ఉద్యోగి గాసెట్ 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ప్రకటించాడు. నిషా లేకుండా వచ్చిన సూత్రం!

చెరువులో ఎన్ని చేపలున్నాయో అన్నీ పట్టకుండానే చెప్పగలరా? 50 పట్టి గుర్తు వేసి వదిలేయండి. కొన్నాళ్ళకు మళ్ళీ 50 పట్టండి. వాటిలో గుర్తున్నవి 5 ఉంటే, చెరువులో ఉన్నవి సుమారు 500. పట్టింది గుప్పెడు, తెలిసింది చెరువెడు!

రామానుజన్‌ను లోకానికి పరిచయం చేసిన హార్డీ బయాలజీ ప్రాక్టికల్స్‌లోనూ ఉన్నాడని మీకు తెలుసా? క్రికెట్ స్నేహితుడు పన్నెట్ ఒక చిక్కుముడి అడిగితే, 1908లో ఇట్టే విప్పేశాడు. అదే హార్డీ-వైన్‌బర్గ్ సూత్రం. పిచ్ మీద పడిన బయాలజీ విత్తనం!

మసి పట్టిన ఊళ్ళలో నల్ల చిమ్మటలు ఎంత వేగంగా పెరిగాయో 1924లో లెక్కగట్టిన జె.బి.ఎస్.హాల్డేన్ ఇప్పుడెక్కడున్నాడో మీకు తెలుసా? కాకినాడలో! భారత పౌరుడైన ఆయన 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూస్తే, ఆయన కోరిక మేరకే దేహాన్ని రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. అస్థిపంజరం ఇంకా పాఠం చెబుతోంది. రిటైర్మెంటు లేని మాస్టారు!

అంకెలు చదివే సంస్థ దగ్గర డైనోసార్ ఏమిటి? కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న బారపాసారస్, ప్రాణహిత-గోదావరి లోయలో, మన తెలంగాణ నేలలో దొరికింది. టాగోర్ పేరు పెట్టారు. లెక్కలవాళ్ళు తవ్వితే ఎముకలు పడ్డాయి!

మలేరియా గుట్టు దోమలో ఉందని ఎక్కడ తేలిందో మీకు తెలుసా? సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న! దాన్ని కనిపెట్టిన రొనాల్డ్ రాస్ కోసం దోమలతో కుట్టించుకున్న హుసేన్ ఖాన్‌కు దోమకు అణా చొప్పున ఇచ్చారు. ఇప్పుడైతే దోమలు మనకే బాకీ!

1988లో శాస్త్రవేత్త లెన్‌స్కీ మొదలుపెట్టిన ప్రయోగంలో 12 ఫ్లాస్కుల్లోని బ్యాక్టీరియా 75 వేల తరాలు దాటేసింది. మనిషికి అన్ని తరాలు కావాలంటే 18 లక్షల ఏళ్ళు పైనే పడుతుంది. మన జాతి వయసే దాదాపు మూడు లక్షల ఏళ్ళు. ముత్తాతలు ఎంత మందో లెక్కపెట్టలేం!

ఇక ఆఖరు ప్రాక్టికల్ మీదే. తుమ్మలపెంట ఇసుక మీద కాలితో మీటరు చదరం గీయండి, లోపలి ఎండ్రకాయ బొరియలు లెక్కపెట్టండి. అలా అక్కడక్కడా పది చదరాలు. సగటున రెండు వచ్చాయనుకుంటే, కిలోమీటరు పొడవు, 20 మీటర్ల వెడల్పు తీరానికి 40 వేల బొరియలు! అందులో ఖాళీగా ఉన్నవి ఎన్ని? ఎక్కువ బొరియలు అల దగ్గరా, సర్వి తోట దగ్గరా? ఈ రెంటికీ జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. లెక్కపెట్టి కనుక్కుంటే ఆ రికార్డు మీదే!