సైక్లోన్: ఒక మాట, ఒక హెచ్చరిక

సైక్లోన్ అనే మాటను సృష్టించినవాడు హెన్రీ పిడింగ్టన్. ఓడ కెప్టెన్‌గా సముద్రాలు తిరిగి, కలకత్తాలో స్థిరపడిన ఆంగ్లేయుడు. తుపానులో చిక్కిన ఓడల లాగ్‌బుక్కులు సేకరించి, ఏ ఓడకు ఎప్పుడు ఏ దిక్కు నుంచి గాలి వీచిందో పోల్చి చూసేవాడు. గాలి ఒక కేంద్రం చుట్టూ తిరుగుతోందని అమెరికాలో రెడ్‌ఫీల్డ్, బ్రిటన్‌కు చెందిన రీడ్ అప్పటికే చూపించారు. ఆ చుట్టుగాలికి తగిన పేరు మాత్రం లేదు.

చక్రాన్నీ పాము చుట్టనూ సూచించే గ్రీకు మూలం నుంచి పిడింగ్టన్ ఆ పేరు తీశాడు. నావికుల కోసం రాసి 1848లో ప్రచురించిన పుస్తకంలో దాన్ని వివరించాడు. గాలి సరిగ్గా వృత్తంలోనే తిరుగుతుందని ఈ మాట చెప్పదు, చుట్టు తిరిగే స్వభావాన్ని మాత్రమే తెలుపుతుందన్నాడు. తెలిసినంత మేరకే పేరు పెట్టిన ఈ నిగ్రహం ప్రశంసనీయం. నిజంగానే ఆ గాలులు లోపలికి ఒరుగుతూ సుడి తిరుగుతాయి. మన ఉత్తరార్ధగోళంలో ఆ సుడి అపసవ్య దిశలో ఉంటుంది.

ఆయన చర్చించిన విపత్తుల్లో మన కోరంగిది ఒకటి. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు వరుసగా విరుచుకుపడి, గౌతమి ముఖద్వారం దగ్గరి ఆ రేవును ముంచెత్తాయి. సుమారు 20 వేల మంది మరణించారని అంచనా. 1839లో మళ్ళీ అదే చోట ఉప్పెన వచ్చింది.

తెలుగులో తుపాను అన్న మాట అరబ్బీ, పారశీకాల నుంచి వచ్చింది. గాలివాన మన సొంత మాట. సుడిగుండంలోని గుండాన్నే తీసుకున్న వాయుగుండం పిడింగ్టన్ ఆలోచనకు ఎంతో దగ్గర. ఇప్పుడు వాతావరణ శాఖ పరిభాషలో ఇవి కొలతలు కూడా: గాలి గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, సుమారు 62 దాటితే తుపాను.

అయితే ఈ పేర్లన్నీ గాలి గురించినవే. తీరంలో ఎక్కువ ప్రాణాలు తీసేది నీరు. తక్కువ పీడనం సముద్రాన్ని కొంత పైకి లేపుతుంది. అంతకంటే ఎక్కువగా, బలమైన గాలి లోతు తక్కువ తీరం మీదికి నీటిని తోసి పోగుచేస్తుంది. అదే ఉప్పెన. మన తూర్పు తీరంలో తుపాను దాటే చోటుకు కుడివైపు, అంటే గాలి సముద్రం నుంచి నేల మీదికి వీచే పక్క, ఇది తీవ్రంగా ఉంటుంది. 1977 నవంబరు 19న తుపాను చీరాల సమీపంలో తీరం దాటితే, దానికి కుడివైపున ఉన్న దివిసీమ తుడిచిపెట్టుకుపోయింది అందుకే.

పిడింగ్టన్‌కు ఈ ప్రమాదం తెలుసు. బెంగాల్‌లోని మాట్లా నది మీద కొత్త రేవు కట్టవద్దని 1853లో గవర్నర్ జనరల్‌కు రాశాడు. అయినా కట్టారు. ఆయన మరణించిన తొమ్మిదేళ్ళకు, 1867లో, తుపాను ఆ రేవును నాశనం చేసింది.

తీరప్రాంత పాఠకులకు ఒక విన్నపం. హెచ్చరిక వచ్చినప్పుడు గాలి వేగంతో ఆగకండి. ఉప్పెన ఎన్ని మీటర్లు రావచ్చో, మీ ఊరు తుపాను దాటే చోటుకు ఏ వైపున ఉందో తెలుసుకోండి. ఖాళీ చేయమంటే వెంటనే బయలుదేరండి.