గాలిని చేతికిచ్చిన యంత్రం

కిలో కర్బనం పూర్తిగా మండాలంటే పదకొండున్నర కిలోల గాలి కావాలి. పరిమాణంలో అది 9 నుంచి 10 ఘనపు మీటర్లు. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలోని గాలిలో మూడో వంతు అన్నమాట. కమ్మరి కొలిమి ఎంత చిన్నదైనా, పొద్దున ముట్టిస్తే మధ్యాహ్నానికి గదినిండా గాలిని మింగేస్తుంది. ఆ గాలిని ఎవరు పంపుతున్నారు, ఎంత జోరుగా పంపుతున్నారు, ఎప్పుడు ఆపుతున్నారు అన్నదాన్ని బట్టే కొడవలి పదును, గొడ్డలి ఆయుష్షు తేలతాయి. ఈ మూడింటినీ పనివాడి చేతికే అప్పగించిన యంత్రం ఒకటుంది. అది చేత్తో తిప్పే కొలిమి పంకా.

పంకాకు ముందు తోలు తిత్తి ఉండేది. పాత అనంతపురం జిల్లాలోని గోరంట్ల చుట్టుపక్కల ఎర్రనేలల్లో ముఖ్యమైన పంట వేరుశనగ. ఆ జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ముంగారు వాన ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చాక మాత్రం నేల ఆరకముందే విత్తనం పడాలి. అందుకే మబ్బు పట్టకముందే మడక కర్రులు, గుంటక పాసలు, గొర్రు మొనలు కమ్మరి కొట్టానికి చేరేవి. కూలి రొక్కంగా కాదు, కళ్లం దగ్గర మేరగా ముట్టేది. కమ్మరి ఇనుము పట్టుకుంటే, తిత్తి దగ్గర ఇంకో మనిషి ఉండాల్సిందే. చాలా ఇళ్లలో అది భార్య పనో, బడి మానిన పిల్లవాడి పనో అయ్యేది.

తిత్తి లోపల ఒక తోలు రెక్క ఉంటుంది. తిత్తిని ఎత్తితే రెక్క తెరుచుకుని గాలి లోపలికొస్తుంది. నొక్కితే రెక్క మూసుకుపోయి గాలి గొట్టం గుండా నిప్పులోకి పోతుంది. నొక్కినప్పుడే గాలి, ఎత్తినప్పుడు లేదు. ఆ వెలితి తీర్చడానికే రెండు తిత్తులు పక్కపక్కన పెట్టి, ఒకటి లేస్తుంటే ఇంకొకటి దిగేలా ఆడించేవారు. ఈ పొడినేల ఎండకు తోలు బీటలు వారుతుంది కాబట్టి నూనె పూసి మెత్తగా ఉంచుకోవాలి.

ఆ తోలుసంచి సాధించింది తక్కువేం కాదు. 1800లో మైసూరు రాజ్యమంతా తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్, గోరంట్లకు నైరుతిగా ఉన్న మధుగిరి సీమలో ఉక్కు తయారీని కళ్లారా చూసి, 1807లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో వివరించాడు. మట్టి మూసలో ఇనుప ముక్క, దానితోపాటు తంగేడు కాడలు, పచ్చి ఆకులు పెట్టి, మూతి బిగించి, తిత్తులతో గాలి కొట్టి కాల్చేవారు. తంగేడు బొగ్గయి, ఆ కర్బనం ఇనుములోకి ఇంకి ఉక్కు తయారయ్యేది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో చేసిన ఇలాంటి మూస ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు వెతుక్కుంటూ వచ్చేవారు. 1819లో మైకేల్ ఫారడే లండన్‌లో మన ఉక్కును విశ్లేషించి వ్యాసం రాశాడు. ప్రపంచాన్ని ఇంత ఆకర్షించిన ఆ లోహం వెనక ఉన్న బలమంతా తోలు తిత్తులు కొట్టిన మనుషుల రెక్కల బలమే.

గాలికి ఇంత ప్రాధాన్యం ఎందుకో నిప్పులోకి తొంగిచూస్తే తెలుస్తుంది. గాలి గొట్టం మూతి దగ్గర ప్రాణవాయువు పుష్కలంగా ఉంటుంది, అక్కడ కర్బనం పూర్తిగా మండి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. కిలోకు దాదాపు 33 మెగాజౌళ్ల వేడి పుడుతుంది. గాలి చాలకపోతే అదే కర్బనం కార్బన్ మోనాక్సైడ్ దగ్గరే ఆగిపోతుంది, అప్పుడు దక్కేది 9 మెగాజౌళ్లే. అంటే మూడింట రెండు వంతులకు పైగా వేడి దండగ. పోనీ గాలి మరీ ఎక్కువైతే? మండగా మిగిలిన ప్రాణవాయువు ఇనుము మీద పడి పొరలు పొరలుగా పొక్కు లేపుతుంది. వేడి ఇంకా పెరిగితే తెల్లటి రవ్వలు చిమ్ముతూ ఇనుమే కాలిపోతుంది. అలా కాలిన ఉక్కును ఏ సుత్తీ బాగుచేయలేదు. కాబట్టి ఇనుమును గొట్టం మూతికి ఎదురుగా కాక, ప్రాణవాయువు ఖర్చయిపోయిన పైపొర నిప్పుల్లో పెట్టాలి. ఆ పొర ఎంత మందంగా ఉండాలో నిర్ణయించేది గాలి జోరే.

తిత్తి గాలిని నొక్కి పంపుతుంది, పంకా విసిరి పంపుతుంది. గుండ్రటి పెట్టెలో రెక్కల చక్రం వేగంగా తిరుగుతుంటే గాలి అంచులకు విసరబడి గొట్టంలోకి దూసుకుపోతుంది. ఖాళీ అయిన నడిమికి పక్కనున్న రంధ్రం గుండా కొత్త గాలి వచ్చి చేరుతుంది. ఈ ఆలోచన పాతదే. 1556లో అచ్చయిన అగ్రికోలా గ్రంథం ‘డి రే మెటాలికా’లో గనుల్లోకి గాలి తోలే రెక్కల చక్రాల బొమ్మలున్నాయి. మనిషి చెయ్యి తిప్పే నెమ్మది వేగాన్ని రెక్కలకు కావలసిన వేగంగా మార్చే పళ్లచక్రాలు మాత్రం 19వ శతాబ్దంలోనే చవకగా దొరికాయి. 1878లో అమెరికాలో మొదలైన బఫెలో ఫోర్జ్ కంపెనీ, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఛాంపియన్ కంపెనీ ఇలాంటి పంకాలను ఊరూరికీ చేర్చాయి. 1901లో బఫెలో ఫోర్జ్‌లో చేరిన విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు, 1902లో బ్రూక్లిన్‌లోని ఒక అచ్చుకూటం కోసం గాలిలో తేమను అదుపుచేసే ఏర్పాటు రూపొందించాడు. నేటి ఏసీకి అదే మొదలు. కొలిమిని రగిలించే పంకాలు చేసిన కంపెనీలోనే చల్లగాలి యంత్రం పుట్టింది.

పిడి ఒక్క చుట్టు తిరిగితే రెక్కలు పదుల చుట్లు తిరుగుతాయి. ఇక్కడొక లెక్క ఉంది. రెక్కల వేగం రెట్టింపైతే గాలి పరిమాణం రెట్టింపవుతుంది, ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది, తిప్పే మనిషి పెట్టాల్సిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అందుకే అనుభవజ్ఞులు పిడిని ఎప్పుడూ గబగబా తిప్పరు, నిదానంగా ఒకే వేగంతో తిప్పుతారు. మన దేశపు ఫౌండ్రీలు కూడా ఇలాంటివి పోతపోయడంతో పంకా పల్లెలకు చేరింది. కమ్మరి ఒంటరిగా కూర్చుని, ఎడమ చేత్తో పిడి తిప్పుకుంటూ కుడి చేత్తో పట్టుకారు ఆడించుకునే వీలు కలిగింది. తిత్తి దగ్గరి రెండో మనిషికి విడుదల దొరికింది. ఈ యంత్రానికి మనం రుణపడింది ముందుగా అందుకే.

తర్వాత కరెంటు మోటారు వచ్చింది, ట్రాక్టరు వచ్చింది. కర్రులు, పాసలు అంగట్లో దొరకడం మొదలైంది. కొలిములు చల్లారాయి, పంకాలు అటకెక్కాయి, చివరికి కిలోల లెక్కన పాత ఇనుము అంగళ్లకు చేరాయి. వాటిలో ఒకటి ఇప్పుడు మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది. ఇలాంటి వాటికి మళ్లీ ప్రాణం పోయడం ఎవరైనా నేర్చుకోదగిన పని.

మొదటి సూత్రం, సుత్తితో కొట్టకూడదు. పంకా పెట్టె పోత ఇనుము. అందులో కర్బనం రెండు నుంచి నాలుగు శాతం దాకా ఉంటుంది, అది సన్నని గ్రాఫైట్ పలుకులుగా లోహమంతా పరుచుకుని ఉంటుంది. దెబ్బ పడితే పగులు ఆ పలుకుల వెంట పరుగెత్తుతుంది. పట్టేసిన బోల్టుకు డీజిల్ పోసి ఓపికగా నానబెట్టాలి. అప్పటికీ కదలకపోతే డీజిల్ పూర్తిగా తుడిచి ఆరనిచ్చాక, నట్టును మాత్రమే వేడిచేసి వ్యాకోచించనివ్వాలి. మూత తీస్తే నల్లగా గట్టిపడిన పాత గ్రీజు కనిపిస్తుంది. దాన్ని గీకితే కింద ఇత్తడి పళ్లచక్రం మెరుస్తుంది. మా పంకాలో దాని పళ్ల ఒంపులో ఒక పక్క మాత్రమే నున్నగా అరిగి ఉంది, ఎవరో ఏళ్ల తరబడి ఒకే దిక్కుకు తిప్పారు. గాలి గొట్టంలో కందిరీగలు కట్టుకున్న మట్టిగూడు గట్టిగా బిగుసుకుని ఉంది. పంకా తిరగనిది తుప్పు వల్లే అనుకుంటాం గానీ, చాలాసార్లు కారణం ఎండిన గ్రీజే. ఈ పొడిగాలిలో ఇనుము అంత తొందరగా తుప్పుపట్టదు.

పట్టిన తుప్పును గీకకుండా వదిలించే దారి కూడా ఉంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి చాకలి సోడా కలపాలి. విడదీసిన భాగాన్ని 12 వోల్టుల బ్యాటరీ చార్జరు రుణ తీగకు, పనికిరాని మామూలు ఇనుప రేకును ధన తీగకు తగిలించి, రెండూ ఒకదానికొకటి తాకకుండా ముంచాలి. తుప్పు మెత్తబడి రాలిపోతుంది, మంచి లోహం అరగదు. ఇందులో హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. రేకు స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే అందులోని క్రోమియం విషంగా నీళ్లలో కలుస్తుంది, అది కూడదు. అన్నీ బిగించాక పలుచని నూనె కొద్దిగా పోయాలి. ఇరుసు దగ్గర బొట్టు బొట్టుగా కారుతుంది, ఈ పంకాల నిర్మాణమే అంత. సరిగా కుదిరితే పిడి వదిలేసిన తర్వాత కూడా రెక్కలు కాసేపు తిరుగుతూనే ఉంటాయి.

యంత్రం సిద్ధమైనా పని రాదు. నేను పంకాను పనిచేయించడం నేర్చుకున్నది పక్క ఊరి పెద్ద కమ్మరి దగ్గర. దాగలిగా రైలు పట్టా ముక్క, కొడవలికి లారీ కమాను పట్టీ, కొలిమిలో సర్కారు తుమ్మ బొగ్గు. ఆ చెట్టు 1877 ప్రాంతంలో కడప సీమలో నాటితే ఇంతవరకూ పాకింది. నా ఉత్సాహం చూసి ఆయన అన్నాడు:

“గాలి తగ్గించప్పా, ఇనుము కాల్తాంది.”

“ఎర్రగా కాలాల కదా ఆచారీ?”

“ఎరుపు సాలు. తెలుపు వొద్దు. నీడలో సూడు, ఎండలో రంగు తెలీదు.”

కొలిమి ఎప్పుడూ చీకటి కొట్టంలోనే ఎందుకుంటుందో ఆ మాటతో అర్థమైంది. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. దారానికి కట్టిన అయస్కాంతంతో దాన్ని పరీక్షించి, ఇంకొద్దిగా వేడెక్కించి నూనెలో ముంచితే కమాను ఉక్కు గట్టిపడుతుంది. గట్టిపడిన ఉక్కు పెళుసు. అందుకే మెరుగుపెట్టి మళ్లీ మెల్లగా వేడిచేస్తే దాని మీద రంగులు నడుస్తాయి. 220 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు, 280 దగ్గర వంకాయ రంగు, 300 దగ్గర నీలం. పనిముట్టును బట్టి సరైన రంగు దగ్గర ఆపాలి. అయస్కాంతం లేకుండానే ఆ పెద్దాయన కన్ను ఈ అంకెలన్నిటినీ పట్టుకుంటుంది.

ఇంట్లో కొలిమి పెట్టేవారు షెడ్డుకు రెండు వైపులా తెరిచి ఉంచాలి, మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. జింకు పూసిన ఇనుమును నిప్పుల్లో పెట్టకూడదు, ఆ పొగ జ్వరం తెస్తుంది.

మోటారు పంకా మనం ఇనుము కొడుతున్నంతసేపూ ఖాళీ నిప్పుల మీద గాలి పోస్తూనే ఉంటుంది, బొగ్గు వృథా అవుతుంది. చేతి పంకా చెయ్యి ఆగగానే ఆగుతుంది. నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి గురువు లేదు. ప్రతి చుట్టుకూ నిప్పు ఏ రంగుకు మారిందో వాడు చూసి తీరాల్సిందే. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో కమ్మరులకు పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా సాయం ఉంది. అది వృత్తిలో ఉన్నవారికి. సరదాగా నేర్చుకునే మనలాంటివాళ్లం ఆ పెద్దల కొట్టాలకు శిష్యులుగా వెళ్లాలి, వాళ్ల సమయానికి తగిన కూలి చెల్లించాలి. పాత పంకా కనిపిస్తే బరువుకు వేయకుండా ఇంటికి తెచ్చుకోవాలి. బోల్టులు విప్పి, కడిగి, మళ్లీ బిగించేలా చేసిన యంత్రం అది. దాన్ని బాగుచేయడానికి ఓపిక చాలు, నిప్పును చదవడానికి మాత్రం ఆ పెద్దలు కావాలి. వాళ్లు ఉండగానే వెళ్లి నేర్చుకుందాం.