పాత జీపులో బానెట్ క్రింది వేడి

ఏలూరునుండి తాడేపల్లిగూడెము పోవు జాతీయ రహదారిమీద భీమడోలు ఒక కూడలి. ఇచ్చటినుండి ఉత్తరముగా పోయినచో ద్వారకాతిరుమల మెరక, ఆ పైన జంగారెడ్డిగూడెము, మన్యపు కొండదారులు. దక్షిణముగా దిగినచో కొల్లేటి లంకలు, చేపల చెరువుల గట్లు. తారురోడ్డుమీద ఏ బండియైనను పోవును. గట్టుమీది నల్లమట్టి బురదలోను, కొండదారి రాళ్లలోను పోవుటకు నాలుగు చక్రములకును ఇంజను బలము అందు జీపు కావలెను. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండి, గట్లు మాత్రమే దారులుగా మిగిలినపుడు అట్టి బండి విలువ తెలియును.

అయితే ఆ బండియే గట్టు నడుమ ఆవిరి చిమ్మి నిలిచిపోయినచో, త్రిప్పుకొనుటకు చోటుండదు. రెండు ప్రక్కలను నీరే. పాత జీపు ఉన్నవారందరు ఎరిగిన బాధ ఇది. “ఇంజను వేడెక్కుచున్నది” అని మెకానిక్కు వద్దకు పోవుట, అతడు రేడియేటరు మార్చుట, ఐనను బాధ తీరకపోవుట తరచుగా జరుగును. కారణమేమనగా, వేడెక్కుట ఒకే జబ్బు కాదు. బండి నిదానముగా పోవునపుడు వేడెక్కుట వేరు, వేగముగా పోవునపుడు వేడెక్కుట వేరు, ఆపిన తరువాత వేడెక్కుట వేరు. ఎప్పుడు వేడెక్కుచున్నదో గమనించినచో ఉష్ణమునకు దారి ఎచ్చట మూసికొన్నదో తెలియును.

జీపు ఇంజను కథ

జీపు రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా సైన్యము కొరకు పుట్టిన బండి. విల్లీస్ సంస్థ 1941 నుండి తయారుచేసిన ఎం.బి. నమూనాలో 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను ఉండెడిది. దాని శక్తి 60 అశ్వశక్తులు. గాలి లోనికి వచ్చు కవాటము, పొగ వెలికి పోవు కవాటము రెండును సిలిండరు ప్రక్కన దిమ్మలోనే అమర్చబడి యుండెడివి. తరువాత ఇంజను పరిమాణమును పెంచకయే, లోనికి వచ్చు కవాటమును పైనున్న హెడ్డులోనికి మార్చి 72 అశ్వశక్తుల ఇంజనును చేసిరి. దానితో ఇంజను ఎత్తు పెరిగినది. అందువలన 1953లో వెలువడిన సి.జె.3బి. నమూనాలో బానెట్‌ను కూడ ఎత్తు చేయవలసివచ్చినది. భారతదేశమున మహీంద్రా సంస్థ అనుమతి పొంది చాల సంవత్సరములు తయారుచేసిన ఎత్తు బానెట్ జీపు ఇదియే. ఆ తరువాత ఇట్టి బండ్లలోనికే డీజిలు ఇంజనులును ఎక్కినవి. ఇంజనులు మారుచువచ్చినను అవి కూర్చుండు గది మాత్రము ఇరుకుగనే ఉండిపోయినది.

వేడి ఎంత?

లెక్క వేసి చూతము. ఒక లీటరు పెట్రోలు కాలినపుడు సుమారు 32 మెగాజూళ్ల శక్తి వెలువడును. బురదలో తక్కువ గేరులో పోవు జీపు గంటకు 6 లీటర్లు కాల్చుచున్నదనుకొన్నచో, ఇంజనులో పుట్టు ఉష్ణము సుమారు 53 కిలోవాట్లు. ఇందులో నాలుగవ వంతు మాత్రమే చక్రములను త్రిప్పు పనిగా మారును. సుమారు మూడవ వంతు పొగతో పాటు సైలెన్సరు గొట్టముద్వారా వెడలిపోవును. మరియొక మూడవ వంతును, అనగా సుమారు 18 కిలోవాట్లను, ఇంజను చుట్టు తిరుగు నీరు గ్రహించును. మిగిలిన కొద్దిభాగము ఇంజను ఒంటినుండి నేరుగా బానెట్ క్రింది గాలికి చేరును.

స్నానపు నీరు కాచుటకు బకెట్టులో ముంచు 1 కిలోవాటు హీటర్లు పదునెనిమిదింటిని ఒక్కసారి 10 లీటర్ల నీటిలో వేసినట్లు ఊహింపుడు. 30 డిగ్రీల నీరు 3 నిమిషములలోపే మరుగ మొదలిడును. రేడియేటరు పని చేయక నిలిచిన జీపులో జరుగునదియు ఇదియే.

ఆ నీటిని చల్లార్చునది గాలి. రేడియేటరు విడుచు ఉష్ణము, నీటికిని బయటి గాలికిని గల ఉష్ణోగ్రతల తేడాను బట్టి యుండును. నీరు 90 డిగ్రీల వద్ద ఉన్నదనుకొందము. చలికాలమున గాలి 30 డిగ్రీలు, తేడా 60. రోహిణికార్తెలో రోళ్లు పగులునని సామెత. ఆ దినములలో గాలి 44 డిగ్రీలకు ఎక్కినచో తేడా 46 మాత్రమే. అనగా అదే రేడియేటరు, అదే గాలి ప్రవాహముతో, దాదాపు నాలుగవ వంతు తక్కువ ఉష్ణమును విడుచును. సంక్రాంతికి సరిపోయిన బండి వేసవిలో మరిగిపోవుటలో వింత లేదు.

నిదానముగా పోవునపుడు

గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండికి ఎదురుగాలి తానే వచ్చి రేడియేటరులో దూరును. గట్టుమీద గంటకు 8 కిలోమీటర్ల వేగముతో ప్రాకు బండికి ఆ సాయము లేదు. భారమంతయు ఫ్యానుమీదనే పడును. 18 కిలోవాట్ల ఉష్ణమును గ్రహించి తాను 25 డిగ్రీలు వేడెక్కు గాలి, సెకనుకు సుమారు 650 లీటర్లు కావలెను. అంత గాలిని ఫ్యాను లాగవలెను.

ఫ్యాను చుట్టు రేకు తొడుగు లేనిచో, రెక్కల చివరలనుండి గాలి వెనుకకు జారి అచ్చటనే సుడి తిరుగును. అప్పుడు ఫ్యాను రేడియేటరు నడిమి భాగమునుండి మాత్రమే గాలి లాగును. మూలలు వృథా యగును. తొడుగు ఉన్నచో రేడియేటరు ముఖమంతయు పని చేయును. రేడియేటరు అంచులకును బండి రేకులకును నడుమ సందులున్నను ప్రమాదమే. ఒకసారి వేడెక్కిన గాలి ఆ సందులగుండా ముందుకు వచ్చి మరల లోనికి పోవును. పాత బండ్లలో చిన్నచిన్న మరమ్మతుల నడుమ ఈ తొడుగును, అంచుల రబ్బరు పట్టీలను తీసివేసి మరచిపోవుట సామాన్యము. క్రొత్త రేడియేటరు కొనుటకు ముందు వీనిని తిరిగి అమర్చి చూడవలెను.

లోనికి వచ్చిన గాలి బయటికిని పోవలెను. ఈ సంగతిని చాలమంది తలచరు. ఇంజను క్రింద, చక్రముల వైపున ఉన్న సందులే ఆ గాలికి ద్వారములు. వానిని బురద, గుర్రపుడెక్క తీగలు మూసినచో బానెట్ క్రింద పీడనము పెరిగి, ఫ్యాను ఎంత తిరిగినను రేడియేటరులోనికి గాలి రాదు. రేడియేటరు రేకుల నడుమ చేరిన పురుగులు, ఊక, ఎండిన బురద కూడ ఇట్లే అడ్డుపడును. వీనిని నీటితో కడుగునపుడు ఇంజను వైపునుండి ముందుకు కొట్టవలెను. ముందునుండి కొట్టినచో చెత్త మరింత లోనికి దిగును.

వేగముగా పోవునపుడు

రహదారిమీద గాలికి కొదువ లేదు. అచ్చటను వేడెక్కినచో దోషము సాధారణముగా నీటి మార్గములో ఉండును. ఫ్యాన్ బెల్టు వదులై నీటి పంపు చాలినంతగా తిరుగకపోవచ్చును. రేడియేటరు అడుగునుండి పంపునకు పోవు రబ్బరు గొట్టము మెత్తబడినచో, వేగము పెరిగినకొలది పంపు పీల్పునకు అది నొక్కుకొని పోయి నీటిని అడ్డగించును. బండి ఆగగానే మరల ఉబ్బును కావున చూచినవారికి ఏ దోషమును కనబడదు. రవ్వ పుట్టు సమయము ఆలస్యమైనను ఇంజను వేడెక్కును.

అన్నిటికంటె మెల్లగా హాని చేయునది నీటిలోని సున్నము. చెరువు నీరు, బోరు నీరు పోసినచో ఇంజను లోపలి గోడలకు పొర కట్టును. ఉప్పుటేరు ద్వారా సముద్రముతో సంబంధముగల కొల్లేటి ప్రాంతమున వేసవిలో నీటికి ఉప్పదనమును తోడగును. ఉప్పు ఇనుమును తినివేయును. సున్నపు పొర ఇనుముకంటె సుమారు 20 రెట్లు తక్కువగా ఉష్ణమును ప్రసరింపజేయును. అనగా 1 మిల్లీమీటరు పొర, 2 సెంటీమీటర్ల ఇనుప గోడను అదనముగా కట్టినదానితో సమానము. బ్యాటరీలో పోయు శుద్ధజలముతో కూలెంట్ ద్రవమును కలిపి వాడుట మంచిది. అది తుప్పును ఆపి, మరుగు ఉష్ణోగ్రతను కొంత పెంచును. ఐతే కూలెంట్‌లో ఉండు ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండు విషము. పశువులు త్రాగినచో చచ్చును. పాత ద్రవమును చేల గట్టుననో చెరువులోనో పారబోయరాదు.

ఆపిన తరువాత

సంతవద్ద పది నిమిషములు ఆగి మరల బయలుదేరబోగా జీపు కదలక మొరాయించుట మూడవ జబ్బు. నీరు మరుగలేదు, సూచిక ఎర్రగీతను తాకలేదు. ఐనను ఇంజను అందుకొనదు. ఇచ్చట దోషి పొగగొట్టపు మానిఫోల్డు.

పని చేయు ఇంజనుపై మానిఫోల్డు వందల డిగ్రీల వేడిమీద ఉండును. వేడి వస్తువు వెదజల్లు కిరణశక్తి దాని పరమ ఉష్ణోగ్రత యొక్క నాలుగవ ఘాతమును బట్టి పెరుగును. 400 డిగ్రీల వద్దనున్న తుప్పు పట్టిన ఇనుము చదరపు మీటరుకు సుమారు 9 కిలోవాట్లను వెదజల్లును. నడినెత్తిని మండు సూర్యునినుండి మనకు అందునది సుమారు 1 కిలోవాటు మాత్రమే! బండి ఆగగానే ఫ్యాను, పంపు ఆగును గాని ఈ కిరణములు ఆగవు. దానితో ప్రక్కనున్న పెట్రోలు గొట్టము, పంపు, కార్బురేటరు ఉడికిపోవును.

పెట్రోలు ఒకే పదార్థము కాదు, అనేక ద్రవముల మిశ్రమము. అందులోని తేలిక భాగములు 40 డిగ్రీల ప్రాంతముననే మరుగ మొదలిడును. పంపు పీల్చు వైపున పీడనము తక్కువ కావున ఇంకను సులభముగా మరుగును. గొట్టములో ద్రవమునకు బదులు ఆవిరి నిండిన, పంపు దానిని నొక్కగలదే గాని ముందుకు తోయలేదు. ఇంజను ఆకలితో ఆగును. ఇప్పటి పెట్రోలులో 20 శాతము వరకు ఎథనాలు కలుపుచున్నారు. ఎథనాలు తేలిక హైడ్రోకార్బనులతో కలిసినపుడు అవి విడిగా ఉన్నప్పటికంటె సులభముగా ఆవిరియగు మిశ్రమము ఏర్పడును. పాతకాలపు రబ్బరు గొట్టములను, పంపులోని పొరను కూడ అది చెరచును. చిట్లిన గొట్టమునుండి వేడి మానిఫోల్డుపై పెట్రోలు చుక్క పడిన నిప్పంటుకొనవచ్చును. కావున పాత జీపునకు ఎథనాలును తట్టుకొను గొట్టములు వేయించుట ప్రాణరక్షణకు సంబంధించిన పని.

నివారణ సులభమే. పెట్రోలు గొట్టమును మానిఫోల్డునకు దూరముగా త్రిప్పవలెను. రెంటి నడుమ మెరయు అల్యూమినియము రేకును అడ్డు పెట్టవలెను. రేకు దేనికిని తగులక, రెండు వైపులను వ్రేలెడు గాలి సందు ఉండవలెను. తగిలినచో అదియే వేడిని చేరవేయును. మానిఫోల్డునకు గుడ్డపట్టీ చుట్టుటకంటె ఇది మేలు. ఈ తడి ప్రాంతమున పట్టీ తేమను పట్టి ఇనుమును తుప్పు పట్టించును. పూర్వము వాడిన రాతినార త్రాడును తాకనేరాదు. దాని ధూళి ఊపిరితిత్తుల కాన్సరును కలిగించునని స్థిరపడినది.

బానెట్ ఎత్తవచ్చునా?

కొందరు బానెట్ వెనుక అంచు క్రింద దిమ్మలు పెట్టి ఎత్తుదురు. బండి నిలిచినపుడును, ప్రాకునపుడును ఇది మంచిదే. వేడిగాలి తేలికయై పైకి పోవును. కాని వేగముగా పోవునపుడు ఎదురుగాలి నిటారైన అద్దమునకు కొట్టుకొని, దాని మొదట పీడనము పెరుగును. అప్పుడు గాలి ఆ సందులోనుండి బయటికి పోవుటకు బదులు లోనికి వచ్చి, రేడియేటరులోనుండి వచ్చు గాలికి ఎదురు నిలుచును. థర్మోస్టాట్‌ను తీసివేయుటయు ఇట్టిదే. ఇంజను తగిన వేడికి రాక, నూనెలో తేమ చేరి, సిలిండరులు అరిగిపోవును. అది మూసికొని బిగిసిపోయినచో క్రొత్తది వేయవలెను.

మరిగినపుడు

రేడియేటరు మూత నీటిపై పీడనమును నిలుపును. వాతావరణ పీడనమునకు సగము అదనముగా ఉన్నచో నీరు 111 డిగ్రీల వరకు మరుగదు. మేలుచేయు ఈ గుణమే తొందరపాటున హాని చేయును. 108 డిగ్రీల వద్దనున్న 10 లీటర్ల నీటిపై మూత ఒక్కసారి తెరచినచో, ఆ క్షణముననే సుమారు 250 లీటర్ల ఆవిరి పుట్టి, మరుగు నీటితో పాటు ముఖముపైకి ఎగయును. కనుక ముల్లు పైకి ఎక్కుచుండి నీరు ఇంకను పోనిచో, బండిని గాలికి ఎదురుగా నిలిపి, గేరు తీసి ఇంజనును కొంచెము వేగముగా తిరుగనిచ్చుట మేలు. ఆవిరి చిమ్ముచున్నచో వెంటనే ఆపి, బానెట్ తెరచి, అరగంటయైనను వేచి యుండవలెను. పిదప మందపు గుడ్డతో మూతను మొదటి మెట్టు వరకు త్రిప్పి, ఆవిరి పోయిన తరువాతనే తీయవలెను. చన్నీరు ఒక్కసారి పోసినచో వేడి ఇనుము పగులును. ఇంజనును తిరుగనిచ్చుచు గోరువెచ్చని నీటిని కొద్దికొద్దిగా పోయవలెను.

చైత్రము రాకముందే చూచుకొనవలసినవి కొన్నియే: బెల్టు బిగువు, క్రింది గొట్టము గట్టిదనము, ఫ్యాను తొడుగు, రేడియేటరు రేకులు, గాలి వెడలు సందులు, పెట్రోలు గొట్టము దారి. ఒక పూట పని. ఆ తరువాతను వేడెక్కినచో, ప్రాకునపుడా, పరుగెత్తునపుడా, ఆగినపుడా అని గమనించి మెకానిక్కునకు చెప్పవలెను. ఆ ఒక్క మాటతో అతని వెదుకులాట మూడింట రెండువంతులు తగ్గును.