మనఃస్థైర్యము

కష్టసుఖములు కావడికుండలని మన పెద్దలు చెప్పుదురు. ఒక కుండ హఠాత్తుగా పగిలినచో, కావడి మోయువాడెంత బలశాలియైనను తూలక తప్పదు. అట్టి తరుణమున లోకము వానికి చేయూత నొసగవలయునా, తూలితివని నిందింపవలయునా?

1997-98లో వరంగల్లు జిల్లా ప్రత్తిపైరును లద్దెపురుగు నాశనము గావించెను. విత్తనములకును పురుగుమందులకును తెచ్చిన యప్పులు మాత్రము మిగిలెను. పెక్కండ్రు రైతులు ప్రాణములు దీసికొనిరి. వారిని పిరికివారనుట యన్యాయము. ఎండవానలకు వెరవక దుక్కి దున్నినవాడు పిరికివాడెట్లగును? ఋణదాతకు మొగము చూపలేని సిగ్గు, నిద్రలేని రాత్రులు, ఎవ్వరికిని చెప్పుకొనలేని యొంటరితనము: ఇవి యెంతటివానినైనను క్రుంగదీయును.

భగవద్గీత స్థితప్రజ్ఞుని లక్షణములను బోధించినది. కాని యా బోధ, అర్జునుడు విల్లు జారవిడిచి తన దుఃఖమును వెళ్లబోసికొనిన పిదపనే జరిగినది. వినుటకు రథముపై సారథి యుండెను. మన పల్లెలలో నా సారథి యెవడు?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమనోవ్యథకు లోనైనవానిగా నెంచి యాదరింపుమని ప్రభుత్వమును శాసించినది. 2022 అక్టోబరు నుండి 14416 సంఖ్యకు టెలిఫోను చేసినచో, తెలుగున నుచితముగా రేయింబవళ్లు సలహా లభించుచున్నది. ఇవి మేలే. అయినను ధైర్యవచనములు బాకీ తీర్చవు; గిట్టుబాటు ధరయు, సులభమైన ఋణమును కావలయును. వానికై పోరుచునే, చాలదినములుగా మాటలు మానిన పొరుగువాని గుమ్మమున నిలిచి, "ఎట్లున్నవన్నా?" యని పలుకరించి, వాడు చెప్పునది తుదివరకు వినుడు. మన పల్లెలకు కావలసిన సారథ్యమదియే.